మాధాపూరు మైసమ్మ మీదికి మా సువార్త దండు

మా ఊళ్ళో హైదరాబాదు చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. చార్మినారు ముందు నిలబడి ఫోటో దిగినవాళ్ళు, బిర్లామందిరం మెట్ల దగ్గర చెప్పులు పోగొట్టుకున్నవాళ్ళు, కంటి ఆపరేషనుకని వెళ్ళి కళ్ళకు కట్టుతో తిరిగొచ్చి ‘ఊరు బాగానే ఉందిట’ అన్నవాళ్ళు. మాధాపూరు చూసినవాళ్ళు మాత్రం లేరు. అక్కడ హైటెక్ సిటీ అని ఒకటి లేస్తోందనీ, గోడల బదులు అద్దాలు పెడుతున్నారనీ పేపర్లో చదవటమే. నేను చూసొచ్చాను. అయితే అద్దాల కోసం కాదు నేను వెళ్ళింది. ఆ అద్దాల పక్కనే రాళ్ళకు మొక్కుతున్న జనానికి సువార్త చెప్పటానికి వెళ్ళాను. ఎవరు ఎవరికి చెప్పారన్నది మీరే తేల్చుకోండి. నేను జరిగింది జరిగినట్టు రాస్తాను.

బయలుదేరటం

నేను రేపల్లె దగ్గర ఒక చిన్న ఊళ్ళో మిషను బడి టీచర్ని. ఆదివారం మా గుళ్ళో పాట ఎత్తేది కూడా నేనే. మా పాస్టరు దైవసహాయం గారిని ఊరంతా అయ్యగారంటారు. మంచి మనిషి. గొంతు పెద్దది, ప్రార్థన ఇంకా పెద్దది. ఆయన ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చినవాళ్ళు మధ్యలో లేచి వెళ్ళి, చూసుకుని, మళ్ళీ వచ్చి కళ్ళు మూసుకోవచ్చు.

ఏటా వేసవిలో అన్యజనుల మధ్యకు వెళ్ళటం మా సంఘం ఆచారం. అంతకుముందు ఏడాది మావాళ్ళు మన్యం వెళ్ళి, అక్కడి జనానికి కొండదేవతల్ని వదిలించబోయి, తాము మలేరియా తగిలించుకుని వచ్చారు. అందుకని ఈసారి దోమలు తక్కువుండే అన్యజనుల కోసం వెతుకుతుంటే, అయ్యగారి మేనల్లుడు ప్రభాకర్ కబురు చేశాడు. అతను అమీర్‌పేటలో కంప్యూటరు నేర్చుకుని మాధాపూరులో ఒక కంపెనీలో చేరాడు. ఆఫీసు ప్రహరీ అవతల రాళ్ళు కొట్టేవాళ్ళ బస్తీ ఉందిట. వాళ్ళు ఒక రాయికి పసుపు రాసి కోళ్ళు కోస్తారుట. కంపెనీ యజమాని హిందువే అయినా, మనం వస్తే బస, భోజనం, బండి అన్నీ తానే చూసుకుంటానన్నాడుట.

అయ్యగారికి ఒళ్ళు పులకరించింది. ఆ ఆదివారం ఆయన ప్రసంగం బైబిల్లోని కోరెషు రాజు మీద. “అన్యుడైన కోరెషు మనసును ప్రేరేపించి దేవుడు తన మందిరం కట్టించుకోలేదా?” అని బల్ల గుద్దారు. అన్యుడు మనకు బండి ఎందుకు పెడుతున్నాడని ఎవరూ అడగలేదు. ఊరికే వచ్చే బండి అలాంటిది.

ఈసారి దండంటే అయ్యగారూ నేనూ అంతే. టిక్కెట్లు మంగళవారానికి దొరికాయి. అయ్యగారు వాటిని బుధవారానికి మార్పించారు. నేను ఆయన ముఖం వంక చూసేసరికి, “నమ్మకం కాదు టీచరు గారూ, జాగ్రత్త,” అన్నారు. బుధవారం ఇంటి గుమ్మం దాటుతుండగా ఎవరో తుమ్మారు. ఆయన వెనక్కెళ్ళి మంచినీళ్ళు తాగి, కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పెట్టి, ఆ వేలు కిందికి వచ్చిన వచనం మంచిదేనని చూసుకుని అప్పుడు బయలుదేరారు. మూఢనమ్మకాల మీద మా యుద్ధం అలా మొదలైంది.

రైల్లో

ఎదురు సీట్లో భట్టిప్రోలు ఆవిడొకావిడ కూర్చుంది. ఎక్కడికని అడిగితే అయ్యగారు చెప్పారు. “దయ్యాలూ, గ్రామదేవతలూ అంటూ చీకట్లో ఉన్న జనం అమ్మా. వాళ్ళను విడిపించాలి.”

ఆవిడ ముందుకు వంగింది. “దయ్యాల్ని వదిలిస్తారా అండీ? అయితే తిరిగొచ్చేటప్పుడు ఒకసారి మా ఇంటి దగ్గర దిగండి. మా కోడల్ని చూద్దురుగాని.”

అయ్యగారు మొహమాటపడి కిటికీలోంచి చూశారు. నేను గారెల డబ్బా తీశాను. దానికింద ఉన్న గోంగూర పచ్చడి సీసా మూత ఊడి, నూనె మొత్తం సువార్త కరపత్రాల కట్టలోకి దిగిపోయి ఉంది. పైన ‘రక్షణ మార్గము’ అని అచ్చు, దాని చుట్టూ ఎర్రటి నూనె మరక. ఒక్కొక్కటే విడదీసి కిటికీ దగ్గర ఆరబెట్టాను. అక్షరాలు పోలేదు కానీ, వాసన మాత్రం ఉండిపోయింది.

సికింద్రాబాదు

స్టేషను బయట ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. మా ఊళ్ళో రూపాయికి గ్లాసు నిండా ఇస్తారు. ఇక్కడ దానికి మూడింతలు తీసుకుని, తులసితీర్థం పోసినట్టు చిన్న కప్పులో పోశారు. అయితే ఆ తీర్థం గొప్పది. పాయసమంత చిక్కగా, తియ్యగా ఉంది. పక్కన ఉప్పూ తీపీ కలిసిన బిస్కట్టు. అయ్యగారు రెండో చాయ్ చెప్పి, “ఈ ఊళ్ళో సాతాను పని ఇక్కడి నుంచే మొదలవుతున్నట్టుంది,” అన్నారు.

వస్తుందన్న బండి స్టేషనుకు రాలేదు. ఆటో అతన్ని మాధాపూరు వస్తావా అంటే నవ్వాడు. “గాడ ఏమున్నదమ్మా, గుండ్లు తప్ప! జర ఎక్కువిస్తె వస్త.”

మా వైపు గుండంటే తిరపతి వెళ్ళొచ్చినవాళ్ళది. ఇంతమంది గుండ్లవాళ్ళు ఒకచోట ఎందుకున్నారా అని దారంతా ఆలోచించాను. జూబ్లీహిల్స్ దాటాక తెలిసింది. గుండ్లంటే బండరాళ్ళు. ఏనుగు మీద ఏనుగు ఎక్కినట్టు, దాని మీద గున్న ఏనుగు కూర్చున్నట్టు, ఎవరో ఆడుకుంటూ పేర్చి మధ్యలో వదిలేసిపోయినట్టు ఎక్కడ చూసినా అవే. వాటి నడుమ ఒక గుండ్రటి అద్దాల మేడ. దాని ముందు బర్రెలు నిలబడి, అద్దంలో కనిపిస్తున్న బర్రెల వంక అనుమానంగా చూస్తున్నాయి.

అద్దాల ఆఫీసు

ప్రభాకర్ కంపెనీ ఆ పెద్ద మేడలో కాదు, కాస్త అవతల సొంత భవనంలో ఉంది. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. దాని కింద నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు. ప్రభాకర్ మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళబోతూ, “మావయ్యా, చెప్పులు బయట,” అన్నాడు.

“ఎందుకురా, గుడా?”

“కంప్యూటర్లు.”

అయ్యగారు మండుతున్న పొద దగ్గర మోషేలా చెప్పులు విడిచారు. లోపల చలి వణికిస్తోంది. కుర్రాళ్ళు స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నారు, బయటేమో మే నెల. ప్రతి కంప్యూటరుకూ కుంకుమ బొట్టు ఉంది. ఒక గదికి మాత్రం మూడు నిమ్మకాయలు కట్టి, తాళం వేశారు. అందులో ఉన్నది పెద్ద కంప్యూటరుట.

“అందరూ ఎందుకురా అంత దిగులుగా ఉన్నారు?” అన్నారు అయ్యగారు.

“రెండువేల సంవత్సరం వస్తోంది కదా మావయ్యా. ఆ రోజు తేదీ మారగానే కంప్యూటర్లు అది పందొమ్మిది వందల సంవత్సరం అనుకుంటాయి. బ్యాంకులు ఆగిపోవచ్చు, విమానాలు పడిపోవచ్చు. అది రాకుండా చూడటమే మా పని.”

“ప్రకటన గ్రంథంలో ఇదంతా ఉంది,” అన్నారు అయ్యగారు. ఆ ఆఫీసులో ఆయన మొదటిసారిగా తనవాళ్ళ మధ్య ఉన్నట్టు కనిపించారు.

యజమాని శేషారెడ్డి గారు కడప వైపు మనిషి. వేళ్ళకు రంగురంగుల ఉంగరాలు. చేతులు జోడించి ఎదురొచ్చాడు. “రాండి సార్, రామ్మా. ప్రయాణం బాగా జరిగిందా? మీలాంటోళ్ళు రావాల. ఈ బస్తీ జనం ఉండారే, ఉత్త మూఢనమ్మకాల జనం సార్. రాయిని జూసి భయపడతారు!”

అని చెబుతూ, కుర్చీని కొంచెం ఉత్తరానికి జరుపుకుని కూర్చున్నాడు.

రాళ్ళ బస్తీ

మర్నాడు బస్తీకి వెళ్ళాం. ఆఫీసు ప్రహరీని ఆనుకుని పల్లంలో ఉంది. రేకులు, తాటాకులు, పాత గోనెపట్టాలు వేసుకున్న గుడిసెలు. తెల్లవారిన దగ్గరనుంచీ సుత్తుల చప్పుడు. ఆ చుట్టుపక్కల లేచిన ప్రతి మేడకూ పునాదిరాయి వీళ్ళు కొట్టిందే. బస్తీ మొదట్లో వేపచెట్టు, దాని కింద మోకాలెత్తు రాయి. ఒళ్ళంతా పసుపు, వెండి కళ్ళు. ఆవిడే మైసమ్మ.

ఆవిడకు పూజ చేసేది మల్లమ్మ. నెరిసిన జుట్టు, కుడికన్ను దగ్గర రాతిముక్క తగిలిన మచ్చ. పండగనాడు డప్పు మోగితే అమ్మవారు ఈమె మీదికి వచ్చి మాట్లాడుతుందని ప్రభాకర్ ముందే చెప్పి ఉన్నాడు. మాకు దయ్యం పట్టిన మనిషి కనపడుతుందని అనుకున్నాను. ఆవిడ నా చేయి పట్టుకుని చెట్టు కింద కూర్చోబెట్టి, “ఎండల వడి వచ్చిండ్రు, ముందుగాల్ల నీళ్ళు తాగుండ్రి,” అంది. తర్వాత జొన్నరొట్టె, పచ్చిపులుసు. మా ఇళ్ళల్లో పచ్చిపులుసు అంటే జ్వరం తగ్గినవాళ్ళకు పెట్టేది. ఇక్కడ అది విందు. రొట్టె నమలటానికి కాస్త దవడబలం కావాలి. అయ్యగారు మూడు తిన్నారు.

నేను పాటలు పాడాను. జనం చప్పట్లు కొట్టారు. డప్పు కొట్టే అతను రెండో చరణం నుంచే తాళం అందుకున్నాడు. మా గుళ్ళో ఆ పాట ఎప్పుడూ అంత హుషారుగా లేవలేదని ఒప్పుకోవాలి. కరపత్రాలు పంచితే వాటిని వాసన చూసి, “పచ్చడి ఏమన్న మిగిలిందా అమ్మా?” అని అడిగారు.

అప్పుడు అయ్యగారు లేచి రాతివైపు చెయ్యి చూపించారు. “దీనికి కళ్ళున్నాయి, కానీ చూస్తుందా? చూడదు! అలాంటిదానికి మొక్కటం దేనికి?”

మల్లమ్మ శ్రద్ధగా విని అడిగింది. “మరి మీ దేవుడు సూస్తడా అయ్యా?”

“అన్నీ చూస్తాడు.”

“కనబడ్తడా?”

“కంటికి కనబడడు అమ్మా.”

“అగో! మా తల్లి కనబడ్తది గాని సూడదంటివి. మీ దేవుడు సూస్తడు గాని కనబడడంటివి. ఇద్దరుంటె మంచిదే గద!”

బస్తీ అంతా బాగుంది బాగుంది అన్నారు. మేము తెచ్చిన యేసుప్రభువు క్యాలెండరు తీసుకెళ్ళి మైసమ్మ పక్కన వేపచెట్టుకు మేకుతో కొట్టారు. ఎవరో దానికి కూడా పసుపు పెట్టారు. “తప్పు, తప్పు!” అని అయ్యగారు లేచేసరికి మల్లమ్మ ఆయన్ను ఓదార్చింది. “ఏం ఫికర్ చెయ్యకయ్యా. మా తల్లికి కోపం రాదు. ఇంత పక్కకు జరిగి జాగ ఇస్తది.”

కోరెషు రాజు గారి కోరిక

ఆ సాయంత్రం శేషారెడ్డి గారు మాకు బాదంపాలు తెప్పించి అసలు సంగతి చెప్పాడు.

“సార్, ఆ రాయి మా ఈశాన్యంలో ఉండాది. మా వాస్తు ఆయన అది తీసి గేటు పెట్టమన్యాడు. అది తీసేదాకా కంపెనీ పైకి రాదంట. కానీ తీసేదెవురు? పొక్లెయిన్ డ్రైవర్ని తెస్తే ఆ కండ్లు జూసి తాళాలు నా చేతిలో బెట్టి పోయినాడు. సూపర్‌వైజరు గడ్డపార ఆనించినాడు. వారం తిరక్కుండా స్కూటర్ మింద నుంచి పడి కాలిరగ్గొట్టుకున్యాడు. మాకు భయముండాది సార్. మీకేముంది? మీరు నమ్మరు గదా! మీరు ఎత్తి పక్కన బెట్టినారనుకో, పాపం మాకంటదు. మీకు అంటనే అంటదు.”

లెక్క శుభ్రంగా ఉంది. కోరెషు రాజు మనసును ఎవరు ప్రేరేపించారో నాకప్పుడు అర్థమైంది.

“ఊరికే వద్దు సార్. ప్రహరీ లోపల మీకు ఒక మూల ప్రార్థనమందిరం కట్టిస్తా. మార్బుల్ ఏపిస్తా. ఆదివారం మంచిరోజు, మా వాస్తు ఆయన్ని అడిగినా.”

అయ్యగారి కళ్ళల్లో మార్బుల్ మెరిసింది. మా ఊరి గుడి రేకుల కప్పు వానొస్తే ఆయన ప్రసంగాన్ని మింగేస్తుంది. ప్రభాకర్ ఆయన చెవిలో, “కాదనకు మావయ్యా. రెండువేలు దాటాక సగంమందిని తీసేస్తారంటున్నారు. నన్ను ఉంచుకుంటానన్నాడు,” అన్నాడు. అయ్యగారు లేచి నిలబడి, “గిద్యోను బయలు అనే అన్యదేవత బలిపీఠాన్ని పడగొట్టాడు. ఆదివారం నేను చేస్తాను,” అన్నారు.

నాకు నిద్రపట్టలేదు. పొద్దున్నే మల్లమ్మ దగ్గరికి వెళ్ళి, ఆ రాయి లేకపోతే మీకేమవుతుందని అడిగాను. ఆవిడ సుత్తి పక్కన పెట్టింది.

“మాకు కాయితం లేదు బిడ్డా. నేను ఈడికి పెండ్లయి వచ్చినప్పుడు ఈ మేడలు లేవు, రోడ్డు లేదు, అంత గుండ్లే. ఇప్పుడు జాగకు ధర వచ్చింది. పట్వారి వచ్చిండు, పోలీసోళ్ళు వచ్చిండ్రు, షావుకార్లు వచ్చిండ్రు. తల్లిని జూసి అందరు మర్లిపోయిండ్రు. ఆమెను తీస్తె తెల్లారి మా గుడిసెల మీదికి బండి వస్తది. దేవత ఆమెనే, పట్టా సుత ఆమెనే.”

నేను గబగబా వెళ్ళి అయ్యగారికి చెప్పాను. ఆయన ప్రసంగం రాసుకుంటున్నారు.

“గిద్యోను...” అని మొదలుపెట్టారు.

“గిద్యోను పడగొట్టింది సొంత తండ్రి బలిపీఠాన్నండీ, పరాయివాళ్ళది కాదు. పడగొట్టి ఆ స్థలం ఎవరికీ ఇప్పించలేదు. మీరు చేయబోయేది నాబోతు ద్రాక్షతోట పని. ఆహాబు రాజుకు తోట కావలసి వచ్చింది, నాబోతు ప్రాణం పోయింది.”

ఆయన కలం ఆగింది. “విగ్రహం విగ్రహమే కదా టీచరు గారూ.”

“విగ్రహమే. దాని వెనక గుడిసెలున్నాయి.”

“మాట ఇచ్చేశాను. వాడి ఉద్యోగం కూడా...” అని తల పట్టుకున్నారు. ఆదివారం నేను పాట ఎత్తనని చెప్పేశాను. ఇన్నేళ్ళలో ఆయనతో నేను అలా మాట్లాడటం అదే మొదలు.

ఆదివారం

జనం పోగయ్యారు. ఆఫీసు కుర్రాళ్ళు డాబా మీద బారులు తీరారు. శేషారెడ్డి గారు కారులోనే అద్దాలు బిగించుకుని కూర్చున్నాడు. కారులో అద్దం దగ్గర కొత్త నిమ్మకాయ ఉంది. కొంచెం దూరంలో పొక్లెయిన్, దాని మీద కొత్త డ్రైవరు. బస్తీవాళ్ళు చెట్టు చుట్టూ నిలబడ్డారు. ఎవరూ అరవలేదు, రాళ్ళు ఎత్తలేదు. ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. నాకు అదే భరించలేనట్టుగా ఉంది.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆదాము నుంచి మొదలుపెట్టి అబ్రాహాము మీదుగా వచ్చి, దావీదు దగ్గర చాలాసేపు ఆగారు. డాబా మీద కుర్రాళ్ళు ఒక్కొక్కరే నీడలోకి జరిగారు. చివరికి ఆమెన్ అనక తప్పలేదు. ఆయన చొక్కా చేతులు మడిచి, రాతి ముందు వంగి, రెండు చేతులతో పట్టుకున్నారు.

మల్లమ్మ దగ్గరికొచ్చింది. గొంతు పెంచలేదు.

“ఎత్తుతవా అయ్యా? ఎత్తు. నేను నిన్ను ఆప. గాని ఎత్తి యాడ వెడ్తవో జర జెప్పు. మేము సుత మూటలు గట్టుకొని గాడికే వస్తం.”

అయ్యగారు వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. చేతుల మీద చెమట పసుపులో కలిసింది. ఉన్నట్టుండి “అబ్బా!” అని అరిచారు. ఒక చెయ్యి నడుం మీదికి పోయింది. లేవబోయి లేవలేకపోయారు. మళ్ళీ “అబ్బా!”

“తల్లి వట్టింది!” అని ఎవరో కేకేశారు.

ఆ తర్వాత ఏది ముందో ఏది వెనకో చెప్పలేను. డప్పు మోగింది. పొక్లెయిన్ వెనక్కి వెళ్ళిపోతూ ప్రహరీకి గుద్దుకుంది. శేషారెడ్డి గారు కారు దిగి, చెప్పులు అక్కడే వదిలి, చెంపలు వేసుకుంటూ, “నాకేం తెల్దు తల్లీ, ఆయప్పే ఎత్తతానన్యాడు!” అని సాష్టాంగపడ్డాడు. డాబా మీద ఇంజనీర్లందరూ చేతులు జోడించారు. నేను పరిగెత్తి అయ్యగారి భుజం పట్టుకున్నాను. నలుగురు మనుషులు ఆయన్ని ఆ వంగిన భంగిమలోనే ఎత్తి మల్లమ్మ గుడిసెలో నులకమంచం మీద పడుకోబెట్టారు.

నులకమంచం మీద

ఆ పూటంతా బస్తీ ఆయనకు సేవ చేసింది. ఒకావిడ ఉప్పు వేయించి మూటగట్టి కాపడం పెట్టింది. ఒకాయన ఆముదపాకులు వెచ్చచేసి కట్టాడు. మల్లమ్మ నిమ్మకాయతో దిష్టి తీసి, మైసమ్మ దగ్గరికి వెళ్ళి గట్టిగా మొరపెట్టుకుంది. గుడిసెలోకి అంతా వినిపిస్తూనే ఉంది. “కొత్తోడమ్మా, తెల్వక ముట్టిండు. పెద్దమనిషి. మంచిగనే మాట్లాడ్తడు, జర పొడుగు మాట్లాడ్తడు గంతె. మాఫ్ చెయ్యి తల్లీ.” అయ్యగారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

శేషారెడ్డి గారు వాస్తు ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చి గుమ్మం బయటి నుంచే పరామర్శించాడు. ఆ వాస్తు ఆయన రాయిని చూసి, దిక్సూచి చూసి, మూలుగుతున్న అయ్యగారిని చూసి, “ఈశాన్యంలో ఇంత శక్తి ఉండగా దీన్ని కదిలించమన్నదెవరండీ?” అన్నాడు. కదిలించమన్నది ఆయనే. గేటు పడమరకు మారింది. బతికుండగా ఆ రాయి జోలికీ, దాన్ని కాచుకున్న జనం జోలికీ రానని శేషారెడ్డి గారు అందరిముందూ ఒట్టేశాడు. ప్రభాకర్‌ని కూడా తీసెయ్యలేదు. అమ్మవారు ముట్టుకున్న మనిషి మేనల్లుణ్ణి తీసేసే ధైర్యం ఎవరికుంది?

మర్నాడు పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని వెళ్ళాను. మల్లమ్మ నీళ్ళకు వెళ్ళినట్టుంది. తలుపు తోసేసరికి, మా అయ్యగారు లుంగీ ఎగ్గట్టి, ఒక కోడిపెట్ట వెనక గుడిసెంతా గంతులేస్తున్నారు. దాని ముక్కున ఆయన ప్రసంగం కాగితం ఉంది. మంచం మీద నుంచి ఒక్క దూకు దూకి దాన్ని పట్టుకుని, తిరిగి చూస్తే నేను.

“టీచరు గారూ, ముందు ఆ తలుపు వేయండి,” అన్నారు.

వేశాను. ఆయన కోడిని వదిలి మంచం మీద కూర్చున్నారు.

“నడుం బాగానే ఉందన్నమాట,” అన్నాను.

“ఎప్పుడూ బాగానే ఉంది.”

“అబద్ధసాక్ష్యం పలకవద్దని కదండీ ఆజ్ఞ?”

“నేనేం పలికాను? ‘అబ్బా’ అన్నాను. మిగతాదంతా వాళ్ళే పలికారు,” అని ఒక్క క్షణం నవ్వి, తల దించుకున్నారు. “రాయి బరువేం లేదు టీచరు గారూ. లేపేద్దామనే అనుకున్నాను. ఎక్కడ పెడతావని ఆవిడ అడిగింది. ఇన్నేళ్ళు ప్రసంగాలు చేశాను, మధ్యలో నన్నెవరూ ప్రశ్న అడగలేదు. జవాబు తోచలేదు. కాదంటే వాడి ఉద్యోగం, అవునంటే వీళ్ళ కొంపలు. దావీదు ఆకీషు రాజు దగ్గర ప్రాణం కోసం పిచ్చివాడిలా నటించాడు చూడండి, గడ్డం మీద చొంగ కార్చుకుంటూ? ఎందుకో ఆయన గుర్తొచ్చాడు.”

“అందుకేనా దావీదు దగ్గర అంతసేపు ఆగారు?”

ఆయన జవాబు చెప్పేలోగా బయట బిందె దించిన చప్పుడైంది. అయ్యగారు చటుక్కున పడుకుని మూలిగారు. మల్లమ్మ లోపలికొచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది.

“తల్లికి చెప్పిన అయ్యా. తగ్గుతది తియ్. ఆమెకు కోపం శానసేపు ఉండది.”

అయ్యగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి నటన కాదని నాకు తెలుసు. “నీ కోసం నేను ప్రార్థన చెయ్యనా అమ్మా?” అన్నారు.

“చెయ్యి. ఇద్దరం చేస్కుంటె పని జల్దీ ఐతది.”

“వీళ్ళని ఇక్కడే ఉండనివ్వు తండ్రీ, ఆమెన్,” అన్నారు. అంతే. ఆయన నోట అంత చిన్న ప్రార్థన నేను అంతకుముందు వినలేదు.

తిరుగు ప్రయాణం

బయలుదేరే రోజున బస్తీ అంతా రోడ్డుదాకా వచ్చింది. అయ్యగారు కర్ర పట్టుకుని, కుంటటం మర్చిపోకుండా జాగ్రత్తగా నడిచారు. అప్పుడప్పుడు కాలు మారిపోతోంది. మల్లమ్మ నాకు రొట్టెలు మూటగట్టి ఇచ్చి, పక్కకు లాగింది.

“బిడ్డా, కాపడం పెట్టంగ సూసిన. గా నడుము దూదిలెక్క మెత్తగున్నది. దానికేం కాలే.”

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. “మరి చెప్పలేదేం?”

“ఏంది చెప్పుడు? నాకు సుత ఒక్కోపారి తల్లి మీదికి రాకున్నా వచ్చినట్టె ఊగుత. పని వడ్డప్పుడు ఊగాలె గద.” ఆవిడ అయ్యగారి వంక చూసింది. “మంచిగ చేసిండు. మొదటిపారి గదా, జర కాలు సూస్కొమ్మను.”

ఈ మాట రైలు కాజీపేట దాటాక అయ్యగారికి చెప్పాను. ఆయన రొట్టె మూట విప్పి, సగం నాకిచ్చి, “ఆవిడ మన సంఘంలో ఉంటే ఎంత బాగుండేది,” అన్నారు. ఒక ముక్క నమిలి, “నన్ను పాస్టరుగా ఉంచేది కాదనుకోండి,” అన్నారు.

తర్వాతి ఆదివారం గుడి కిటకిటలాడింది. మన్యంలాగా ఎవరూ చలిజ్వరంతో రాలేదు కనుక ఇది గొప్ప విజయమని అప్పటికే ఊళ్ళో పేరు వచ్చింది. అయ్యగారు సాక్ష్యం చెప్పటానికి నిలబడ్డారు. ప్రయాణం, అద్దాలు, చాయ్ అన్నీ చెప్పారు. రాయి దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకున్నారు.

“అక్కడ నాకు నడుం పట్టేసింది. మంచం మీద పడ్డాను. ఆ బస్తీ జనం, ఏమీ లేనివాళ్ళు, నా చుట్టూ చేరి సేవ చేశారు. నా కోసం ప్రార్థన చేశారు. లేచి నడిచాను.”

గుడి అంతా హల్లెలూయ అని దద్దరిల్లింది. ముందు వరసలో సంఘపెద్ద సాల్మను గారు ఆనందంతో లేచి నిలబడ్డారు. “అంటే కొద్దిరోజుల్లోనే ప్రార్థన కూడా నేర్చేసుకున్నారన్నమాట! దేవునికి స్తోత్రం! ఎవరి పేరట చేశారండీ అయ్యగారూ, తండ్రి పేరటా, కుమారుని పేరటా?”

అయ్యగారు నా వంక చూశారు.

“టీచరు గారూ, పాట.”

నేను ఎత్తాను. కంగారులో శ్రుతి ఎంత పైకి పోయిందంటే, సాల్మను గారితో సహా సంఘం మొత్తానికి దాన్ని అందుకోవటమే సరిపోయింది.